తమ్ముడి పుట్టువెంట్రుకలు

మా తమ్ముడు అబద్ధాలకోరు కాదు. ఆ మాట ముందే చెప్పి పెడుతున్నాను, లేకపోతే ఇది చదివి ఫోను చేసి నాతో వాదానికి దిగుతాడు. వాదంలో ఎప్పుడూ నాదే పైచేయి అయినా ఆ పూట ఇద్దరికీ అన్నం సయించదు. కానీ వాడు చెప్పే ఆ షికారు కథను మాత్రం నేను ఒప్పుకోను. నలభై ఏళ్ళుగా ఒప్పుకోలేదు, ఇక ముందూ ఒప్పుకోను.

మొన్నటి వేసవి సెలవుల్లో వాడు భార్యాపిల్లలతో హైదరాబాదు దగ్గర ఒక ఆటల పార్కులో గది తీసుకుని రెండు రోజులు గడిపి, అటు నుంచి అటే నందికొండకు పోయి, భోజనం కూడా అందులోనే పెట్టే పెద్ద లాంచీ ఎక్కి, రోజంతా సాగర్ నీళ్ళ మీద తిరిగి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకున్నాడా, ఫోటోలు పట్టుకుని మా ఇంటికి వచ్చి, పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని పాత పాటే ఎత్తుకున్నాడు. ఇదేం గొప్ప, మా బాపు ఆ కాలంలోనే మమ్మల్ని ఇట్లాంటి షికారుకు తీసుకుపోయాడు, మూడు రోజులు జాతరలో మకాం, అడిగినన్ని సార్లు రాట్నం, ఆ తర్వాత లాంచీ, నీళ్ళు కొత్తగా నిండిన ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్ళలో లాంచీ మొహం చూసినవాడు లేడు అంటూ. రుజువు కావాలా, ఇదిగో అని జాతరలో తీయించిన ఫోటో ఒకటి చూపించాడు. అట్ట మీద గీసిన విమానంలో మేమిద్దరం కూర్చున్నాం. వాడు ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు, నేను ఎటో చూస్తున్నాను. వాడికి రెండు జడలు, జడల్లో కనకాంబరాలు. ఆ జడలు చూసి పిల్లలు పడీ పడీ నవ్వారు. ఏడేళ్ళ మగపిల్లవాడికి జడలెందుకున్నాయని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే అక్కడే చెప్పేదాన్ని. అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా తర్వాత, వాడికి ముందు, మా అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు పురిటి స్నానం కాకముందే, ఇంకొకడు అడుగులు వేసే ఈడులో. మూడోవాడు కడుపున పడ్డప్పుడు అమ్మ తన పుట్టింటి ఊరి మైసమ్మకు మొక్కుకుంది, వీణ్ణి బతకనిస్తే వీడి పుట్టువెంట్రుకలు నీ గద్దె దగ్గరే తీయిస్తానని. మా ఊరు దేవరకొండకు రెండు ఆమడల దూరంలో మెట్ట పొలాల మధ్య ఉంటే, అమ్మ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున, నాలుగు పక్కలా గుట్టలున్న లోయలో ఉండేది. ఆ గుట్టలకు ఒక్కొక్కదానికి ఒక్కో పేరుండేది; సీతాఫలాల కాలంలో తాను ఏ గుట్ట ఎట్లా ఎక్కేదో, ఏ గుట్ట మీది నుంచి చూస్తే తమ ఇంటి చూరు కనబడేదో, రొట్టె చేస్తూ అమ్మ చెప్పుకుపోయేది. మైసమ్మ గద్దె ఊరికీ ఏటికీ నడుమ ఉండేది.

నా ఈడు వాళ్ళకు ఈ మొక్కుల పద్ధతి నేను చెప్పనక్కరలేదు గానీ, ఇప్పటి వాళ్ళ కోసం చెబుతాను. మొక్కిన జుట్టు మొక్కిన చోటనే తీయాలి, అదీ బేసి సంవత్సరంలో: ఒకటి, మూడు, అయిదు, ఏడు. పిల్లవాణ్ణి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర తాను వేయాలి, ఆ తర్వాతనే మంగలి కత్తి. అప్పటిదాకా ఒక్క వెంట్రుక తెగడానికి వీల్లేదు.

మొదటి యేడు తమ్ముడు బతుకుతాడో లేదో అన్నట్టుగా ఉండి, ప్రయాణం వద్దన్నారు. మూడో యేడు కుదరకపోవడానికి కారణం మాత్రం మా బాపు గారి పరువు. మా అమ్మకు ఒక్కడే తమ్ముడు, మా మేనమామ. ఆయన పెళ్ళిలో, ఆ సందడిలో, ఇంటి పెద్దల్లుడైన మా బాపును మొదటి బంతిలో కూర్చోబెట్టడం మరిచిపోయారు. రెండో బంతికి పిలిచారు. అప్పటికి మాంసం కూరలో పులుసే మిగిలిందట. ఆ పులుసు చూసి లేచి వచ్చిన మనిషి మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మామ అయినా తగ్గాడా, ఇరవై ఏళ్ళ పోరడు, బావేమన్నా కలెక్టరా అన్నాడట. అది అయిదారు నోళ్ళు మారి మా ఇంటికి చేరింది. ఆ పులుసు గిన్నె అడ్డం పడి మూడో యేడు పోయింది. మగవాళ్ళ రోషాలకు ఆడవాళ్ళ మొక్కులు ఎట్లా బలయ్యేవో తెలుసుకోవాలంటే మా ఇల్లు చాలు.

అయిదో యేడు వచ్చేసరికి సాగర్ ఆనకట్ట కోసం లోయలోని ఊళ్ళను ఖాళీ చేయిస్తున్నారు. బాపు పని కూడా అదే. సర్వే వాళ్ళ వెంట గొలుసు పట్టుకుని తిరగడం, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో అక్కడ బండల మీద సున్నంతో గీతలు పెట్టడం. పోదాం, ఊరు ఉండగానే పోదాం అని అమ్మ కాళ్ళావేళ్ళా పడింది. బాపుకు బామ్మర్ది ఎదుట పడడం ఇష్టం లేదు. ఆ మాట అనకుండా, ఆఫీసులో విన్న మాట తెచ్చి అప్పజెప్పాడు: నీళ్ళు రావాలంటే ఇంకా రెండేండ్లు పడుతుంది, ఏడో యేట చేద్దాం. గీతలు పెట్టిన చేయి కదా, అమ్మ నమ్మింది. ఆ వానాకాలమే నీళ్ళు వచ్చాయి.

ఊరివాళ్ళు కదిలేముందు మైసమ్మను అడిగారట, మాతో వస్తావా తల్లీ అని. శివసత్తు పూనకంలో రానంటే రానని చెప్పింది. ఊరివాళ్ళకు ఇచ్చిన కొత్త కాలనీలో ఇంకో రాయి నిలిపి దాన్ని మైసమ్మ అన్నారు గానీ, అమ్మ ఆ రాయికి ఒక్కనాడూ దండం పెట్టలేదు. రానన్న తల్లి ఎట్లా వస్తుందని ఆమె ప్రశ్న. నాలో వాదించే గుణం ఎవరి నుంచి వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది.

ఏడో యేడు నడుస్తుండగా తమ్ముడి నెత్తి మీద, ఆ జుట్టు కింద, కురుపు లేచింది. ఎన్నడూ కత్తెర ఎరగని జుట్టు, జడలు విప్పితే నడుము దాటేది, ఎంత దువ్వినా పేలు, పుండ్లు. కురుపు గడ్డయింది, జ్వరం పట్టుకుంది, ఒకనాడు ఫిట్సు వచ్చి వాడు కొయ్యబారిపోయాడు. దేవరకొండ దవాఖానలో డాక్టరు చూసి, వారం పది రోజుల్లో జుట్టు తీయించి తీసుకురండి, గడ్డ కోయాలి, ఆలస్యమైతే చీము లోపలికి పోతుంది, ఆ తర్వాత నన్ను అడగొద్దు అన్నాడు. జుట్టు తీయిస్తే మైసమ్మ ఊరుకోదు, తీయించకపోతే గడ్డ ఊరుకోదు. చదువుకున్న వాళ్ళు దీనికి నవ్వుకుంటారని తెలుసు, నేనూ జీవశాస్త్రంలో డిగ్రీ చేసినదాన్నే. రెండు చిన్న గుంటలు తవ్వించి వచ్చిన తర్వాత నవ్వండి, మీ నవ్వు నేను వింటాను.

అప్పుడు బాపు చెప్పిన ఉపాయమే మా తమ్ముడు చెప్పుకునే షికారు. మాఘ మాసంలో మా వైపు గుట్ట మీది దేవుడికి పెద్ద జాతర జరుగుతుంది. అక్కడ వేలమంది తలనీలాలు ఇస్తారు, దేవుడు ఎక్కడైనా దేవుడే, అక్కడే గీయించి అటు నుంచే దవాఖానకు పోదాం అన్నాడు. అమ్మ ఎదురు చెప్పకుండా సరేనంది. అంత తొందరగా ఒప్పుకోవడం చూసి నాకు అనుమానం వచ్చింది. బాపు అటు పోగానే అమ్మ నా చేతికి ఒక పోస్టుకార్డు ఇచ్చింది. నేను అప్పుడు అయిదో తరగతి. ఆమె చెబుతుంటే రాశాను.

"తమ్మీ, జాతరకు రా. వచ్చి మమ్ముల నీళ్ళ కాడికి తోల్కపో. తల్లి ఉన్న జాగల నీ చేతితోని కత్తెర పడాలె. నువ్వు రాకపోతే..."

అక్కడ ఆగిపోయింది. రాకపోతే ఏమని రాయాలమ్మా అని అడిగాను. గంతే రాయి అంది.

జాతర గురించి నా ఈడు వాళ్ళకు నోరూరేట్టు రాయవచ్చు. బొరుగులు, బెల్లం జిలేబీలు, మట్టి బొమ్మలు, మోటారు సైకిలు గుండ్రంగా తిరిగే బావి, మనుషులు తిప్పే కర్ర రాట్నం, దాని కిర్రుమనే చప్పుడు. మేము నాలుగు కట్టెలు పాతి, పైన దుప్పటి కట్టి, ఆ నీడలో మూడు రోజులున్నాం. వాడికి రాట్నం గుర్తుంది. నాకు బస్సు గుర్తుంది. పొద్దున నుంచి చీకటి పడేదాకా వచ్చే ప్రతి బస్సు దగ్గరా మామ దిగుతాడేమో చూసి రావడం నా పని. ఫోటోలో నేను ఎటు చూస్తున్నానో ఇప్పుడు తెలిసిందా? ఆ మూడు రోజుల్లో నేను రాట్నం ఒక్కసారి కూడా ఎక్కలేదు.

మొదటి రోజు మంగళవారం, మంగళవారం నెత్తికి కత్తి పెట్టరు, అమ్మ అదృష్టం. రెండో రోజు పిల్లవాడి ఒళ్ళు వెచ్చగా ఉంది, నీళ్ళు పోయలేం అంది. మూడో రోజు పొద్దున వాడు రాట్నం కావాలంటున్నాడు, ఏడిపించి గీయిస్తే మంచిది కాదు, ఎక్కించుకుని రా అంది. తర్వాత ఫోటో అంది. తర్వాత మళ్ళీ రాట్నం. అడిగినన్ని సార్లు బాపు రాట్నం ఎక్కించాడని వాడు మురిసిపోతాడే, ఆ ఒక్కొక్క చుట్టూ అమ్మ మామ కోసం ఎదురుచూస్తూ గడిపిన గడియ. జ్వరంతో ఎర్రబడ్డ కళ్ళతో వాడు పైనుంచి చేతులు ఊపుతుంటే, కింద ఆమె నా ముఖం చూసేది. నేను లేదని తల ఊపేదాన్ని.

మధ్యాహ్నం బాపుకు ఓపిక చచ్చింది. వాణ్ణి చంకనెత్తుకుపోయి మంగళ్ళ వరుసలో ఒక ముసలాయన ముందు కూర్చోబెట్టాడు. అమ్మ వెనకే పరుగెత్తుకొచ్చి కొడుకును పట్టుకుని నేల మీద కూలబడింది. చుట్టూ జనం మూగారు. ముసలాయన జడలు విప్పబోతూ మేనమామ ఏడి అని అడిగాడు. బాపు, రాలేదు, నువ్వు కానీయి అన్నాడు. ఆ గడబిడలో తమ్ముడికి మళ్ళీ ఫిట్సు వచ్చింది. వాడు కళ్ళు తేలేసి, పళ్ళు కరుచుకుపోయి, ముసలాయన మోకాలి మీద విల్లులా వంగిపోయాడు. ముసలాయన కత్తి పక్కన పెట్టి, తన సంచిలోని ఇనుప ముక్క వాడి పిడికిట్లో పెట్టి మూసి, వాడు తేరుకునేదాకా పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత కత్తిని గుడ్డలో చుట్టేశాడు.

"తల్లి ఒప్పుకోక, మేనమామ లేక, నేను కత్తి పెట్ట. ఇంకోల్లను చూసుకో."

అమ్మ బాపు వంక చూసి, ఏడవకుండా, ఎవరికీ వినబడకూడదన్నట్టు అన్నది. "నీ పగ నా తమ్మునితోటి గదా. గీ పోరడేం జేసిండు?"

మా బాపు పొడుగాటి మనిషి. ఆ జనం మధ్య ఆయన అంత చిన్నగా కనబడడం నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదు. దగ్గరికి వచ్చి కొడుకును భుజాన వేసుకుని, పా, నందికొండకు పోదాం అన్నాడు.

కొత్త కాలనీ నందికొండకు దగ్గరే. అమ్మ, తమ్ముడు బస్సులు ఆగే చోట నీడన కూర్చుంటే, బాపు నన్ను వెంటబెట్టుకుని మామ ఇంటికి పోయాడు. ఒంటరిగా పోవడానికి ధైర్యం చాలలేదని నా నమ్మకం. ఒప్పుకోనివాళ్ళు ఉంటే ఉండనీ. ఒకే తీరుగా కట్టిన ఇళ్ళ వరుస, చెట్టు లేదు, చేమ లేదు. మామ వాకిట్లో నులక మంచం బిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు గానీ రమ్మనలేదు.

"కార్డు అందింది. అక్క రాసింది. నువ్వు రాయలే" అన్నాడు.

అంటే కార్డు అంది, కొడుకంత మేనల్లుడు అట్లా ఉన్నాడని తెలిసి కూడా, బావ పిలవలేదని మంచాలు బిగిస్తూ కూర్చున్నాడన్న మాట. ఆ ఇంటా పరువే. నాకు మండింది, కానీ పదకొండేళ్ళ దాన్ని, ఏమంటాను. బాపు నేల చూస్తూనే జవాబు చెప్పాడు.

"రాయలే. గిప్పుడు నేనే వచ్చిన" అన్నాడు. "ఇగ నన్ను ఏ బంతిల కూసోబెడ్తవో కూసోబెట్టు. రెండో బంతిలనే కూసుంట. రా, బామ్మర్ది."

మామ నవ్వలేదు. లోపలికి పోయి కత్తెర, తువ్వాల తెచ్చుకుని మా ముందు నడిచాడు.

లాంచీలో మాతో పాటు పట్నం నుంచి వచ్చిన వాళ్ళు ఉన్నారు, చేతిలో ట్రాన్సిస్టరు, పులిహోర పొట్లాలు, నల్ల కళ్ళద్దాలు. వాళ్ళకది నిజంగానే షికారు. మామ ఒళ్ళో తమ్ముడు, వాడి జడలు విప్పి ఉన్నాయి. అమ్మ కొంగులో పసుపు, కుంకుమ, ఒక ఎండుకొబ్బరి కుడుక. ఎటు చూసినా నీళ్ళే, గుట్టలు నడుము దాకా మునిగి పొట్టిగా, ఒకదానికొకటి తెలియనట్టుగా నిలబడి ఉన్నాయి. ఊరి మీదికి రాగానే ఆపమని బాపు లాంచీ నడిపే మనిషిని బతిమాలాడు. దారి మార్చడం, ఆపడం కుదరదు, కాస్త నెమ్మది చేస్తాను, అంతే అన్నాడు అతను.

వచ్చిందా అని అమ్మ అడిగింది. ఇంకా లేదన్నాడు బాపు. కొంచెం పోయాక మళ్ళీ అడిగింది. ఇంకా కొంచెం పోయాక మళ్ళీ. బాపు చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఈ గుట్ట నుంచి ఆ గుట్టకు చూపు తిప్పుతున్నాడు. తమ్ముడు కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు. దూరంగా, లాంచీ పోయి ఆగే దీవి కనబడడం మొదలైంది. అక్కడిదాకా పోతే ఇక ఊరు లేదు, గద్దె లేదు, మొక్కు లేదు.

అప్పుడు బాపు వేలు చూపించాడు. "గిదే."

లాంచీ నెమ్మదించింది. మామ తల ఎత్తి గుట్టల వైపు చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత బాపు ముఖంలోకి చూశాడు. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నాలుగేళ్ళయింది.

"ఔ బావా," అన్నాడు మామ. "గిదే."

కత్తెర పడింది. మామ ఆ మొదటి పాయను కుడుకతో సహా నీళ్ళలో వదిలాడు. కుడుక మునగలేదు, జుట్టూ మునగలేదు, రెండూ పక్కపక్కనే ఊగుతూ వెనకబడిపోయాయి. అమ్మ కొడుకు పాదాలు రెండూ చేతుల్లో పట్టుకుని, తల వంచుకుని కూర్చుంది.

తిరిగి ఒడ్డుకు రాగానే మిగిలిన జుట్టు గీయించారు, మరునాడే దవాఖానలో గడ్డ కోశారు, నెల తిరిగేసరికి తమ్ముడు బడికి పోయాడు. ఫిట్సు మళ్ళీ రాలేదు. గడ్డ కోసిన డాక్టరు వల్లా, మైసమ్మ వల్లా అని నేను ఇంట్లో ఎన్నిసార్లు వాదన పెట్టినా ఎవరూ కలిసి రాలేదు. ఆ తర్వాత బాపూ మామా విడదీయరాని వాళ్ళయ్యారు.

నేను కాలేజీలో ఉండగా స్నేహితురాళ్ళతో మళ్ళీ ఆ లాంచీ ఎక్కాను. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను అమ్మ పుట్టింటి ఊరి పేరు చెప్పి అడిగాను. ఆయన చెయ్యి అటు చూపించాడు, లాంచీ పోయే దారికి పూర్తిగా పెడగా, ఒక గుట్ట వెనక్కి. గా దిక్కు లాంచీలు పోవమ్మా అన్నాడు. ఇంటికి వచ్చి బాపును నిలదీశాను. నీళ్ళ కింద పొలిమేరలుండవు బిడ్డా అని చుట్ట వెలిగించుకున్నాడు. మామను అడిగితే, నువ్వు లాయరు చదువు చదవాల్సింది అని నవ్వాడు. ఇద్దరూ అదే మాట మీద ఉండి పోయారు. ఆ వల పెద్దాయనే పొరబడ్డాడేమో, నాకు తెలియదు.

ఇప్పుడు షికార్లు చాలా సులువైపోయాయి. గది దొరుకుతుంది, బల్ల మీద అన్నం దొరుకుతుంది, ఎవరి బంతి ఎప్పుడని అలిగేవాడు లేడు, రాట్నం కరెంటుతో తిరుగుతుంది. నీళ్ళను ఏదీ అడగకుండా నీళ్ళ మీద తిరిగి రావచ్చు. మంచిదే, నా మేనకోడళ్ళకు, మేనల్లుళ్ళకు అట్లాంటి షికార్లే ఉండాలని నా కోరిక కూడా. కానీ నాలుగేళ్ళు ముఖాలు చూసుకోని ఇద్దరు పంతగాళ్ళు ఒక పిల్లవాడి కోసం ఒక్క చూపుతో ఒప్పందానికి వచ్చిన ఆ గడియ లాంటిది ఏ పార్కులోనూ టికెట్టు పెట్టి చూపించరు.

వాళ్ళిద్దరినీ నేను ఎప్పుడో క్షమించాను, అబద్ధమే ఆడి ఉన్నా సరే. నాకు తెగనిది అమ్మ సంగతి. ఆ లోయలో పుట్టింది, ఆ గుట్టలన్నీ పేరుపేరునా ఎరుగును, నడుము దాకా మునిగినా శిఖరం చూసి చెప్పగలదు. మూడు రోజులు కొడుకు ప్రాణం పణంగా పెట్టి చోటు కోసం పట్టుబట్టిన మనిషి. అమ్మా, వాళ్ళు గిదే అన్నప్పుడు, నువ్వు ఒక్కసారైనా తల ఎత్తి గుట్టల వైపు ఎందుకు చూడలేదు?